స్నానాల గది అతుకులకు ఏ సీలెంట్ మన్నికైనది?

బహుళ అంతస్తుల భవనాలలో నివసించేవారికి ఈ సమస్య కొత్తది కాదు. కింది ఇంటి పైకప్పు మీద చిన్న చెమ్మ మచ్చ కనిపిస్తుంది. కొన్ని వారాలకు అది పసుపు వర్ణానికి తిరుగుతుంది, రంగు ఉబ్బి పెచ్చులుగా రాలుతుంది. పై ఇంటివారు తమ కుళాయిలన్నీ సరిగానే ఉన్నాయంటారు. ప్లంబరు వచ్చి గొట్టాలు పరీక్షించి, లోపమేమీ లేదని చెబుతాడు. ఇరుగుపొరుగుల మధ్య మాట పట్టింపులు మొదలవుతాయి. ఇటువంటి అనేక సందర్భాలలో నీరు దిగే మార్గం గొట్టం కాదు. స్నానపు తొట్టె గోడను తాకేచోట, షవర్ కింద గోడ, నేల కలిసేచోట ఏర్పడిన వెంట్రుకవాసి పగులే ఆ మార్గం.

దీనిని కేవలం అందానికి సంబంధించిన లోపంగా భావించరాదు. దిగిన నీరు స్లాబులోని ఇనుప కడ్డీలను చేరితే అవి తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తుంది. అతుకు సన్ననిదే అయినా, దానిని దేనితో నింపుతున్నామన్నది ముఖ్యమైన విషయం.

తెల్ల సిమెంటు ఎందుకు నిలవదు?

మన ఇళ్లలో ఇటువంటి సందులను తెల్ల సిమెంటుతో పూడ్చడం చిరకాలపు అలవాటు. పని త్వరగా ముగుస్తుంది, ఖర్చు స్వల్పం. అయితే గోడ, నేల, తొట్టె వేర్వేరు వస్తువులు. వేడికి, బరువుకు ఒక్కొక్కటి ఒక్కో విధంగా స్పందిస్తుంది. యాక్రిలిక్ ప్లాస్టిక్ తొట్టె, సిరామిక్ టైలు కంటే సుమారు 10 రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఒకటిన్నర మీటరు పొడవున్న తొట్టెలో వేడినీరు నింపినప్పుడు ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే, దాని పొడవు దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దానికి నీటి బరువు, మనిషి బరువు తోడవుతాయి. సిమెంటు గట్టిదే కాని, సాగే గుణం లేనిది. అందువల్ల కదలిక వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట పగులుతుంది.

ఎపాక్సీ గ్రౌట్ విషయంలోనూ ఇదే పరిమితి ఉంది. ఒకే తలంలో ఉన్న టైళ్ల మధ్య సందులకు అది చక్కగా పనిచేస్తుంది, నీటిని పీల్చదు. గోడ, నేల కలిసే మూలలో మాత్రం దానిని వాడరాదు. రెండు తలాలు కలిసే ప్రతిచోటా, రెండు వేర్వేరు పదార్థాలు కలిసే ప్రతిచోటా కావలసింది రబ్బరులా సాగి, తిరిగి యథాస్థితికి వచ్చే పదార్థం.

సీలెంట్లలో రకాలు

హార్డ్‌వేర్ దుకాణాలలో ప్రధానంగా నాలుగు రకాలు లభిస్తాయి.

మొదటిది యాక్రిలిక్ సీలెంట్. ఇది నీటి ఆధారితం, చవక, పైన రంగు వేయవచ్చు. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. ఎప్పుడూ తడిసే చోట ఎక్కువ కాలం నిలవదు. తలుపు చట్రాల చుట్టూ, పొడి గోడల పగుళ్లకు ఇది సరిపోతుంది.

రెండవది పాలీయురేథేన్. గట్టిగా అంటుకుంటుంది, రాపిడిని తట్టుకుంటుంది. ఎండ తగిలేచోట పసుపు రంగుకు మారుతుంది. గట్టిపడకముందు ఇందులో ఐసోసైనేట్ రసాయనాలు ఉంటాయి కనుక, వాడేటప్పుడు గాలి వెలుతురు, చేతులకు తొడుగులు అవసరం.

మూడవది ఎం.ఎస్. పాలిమర్ లేదా హైబ్రిడ్ అని పిలిచే రకం. దీనిలో ఐసోసైనేట్ ఉండదు. అనేక ఉపరితలాలకు అంటుకుంటుంది, రంగును స్వీకరిస్తుంది. ధర కొంత అధికం.

నాలుగవది సిలికాన్. దీని అణువులకు వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల గొలుసు. నీటికి, వేడికి, సూర్యకాంతికి ఆ గొలుసు సులభంగా తెగదు. సంవత్సరాల తరబడి తడిలో ఉన్నా సాగే గుణం కోల్పోకపోవడానికి కారణం ఇదే. స్నానాల గదికి సాధారణంగా ఇదే తగిన ఎంపిక. అయితే సిలికాన్‌లోనూ రెండు జాతులున్నాయని గుర్తించాలి.

పులుపు వాసన ఉన్నదా, లేదా?

గట్టిపడేటప్పుడు వెనిగర్ వంటి ఘాటైన వాసన వచ్చేది అసిటాక్సీ సిలికాన్. ఆ వాసన దాని నుంచి వెలువడే అసిటిక్ ఆమ్లానిది. గాజుకు, మెరుపు పూత ఉన్న టైళ్లకు ఇది బలంగా పట్టుకుంటుంది. కాని పాలరాయిని ఈ ఆమ్లం తినేస్తుంది, ఇత్తడి, రాగి అమరికలను పాడుచేస్తుంది. క్షార గుణం గల సిమెంటు మీద సరిగా అంటదు. తెలుగు రాష్ట్రాలలో విరివిగా వాడే తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు సున్నపురాయి జాతికి చెందినవి. వాటి మీద కూడా ఈ రకం తగదు.

రెండవది న్యూట్రల్ సిలికాన్. దీని నుంచి ఆమ్లం వెలువడదు. సిమెంటు, లోహం, యాక్రిలిక్ తొట్టె, గాజు, టైలు అన్నీ కలిసే స్నానాల గదికి ఇదే క్షేమం. పాలరాయి, గ్రానైట్ వంటి సహజ శిలల విషయంలో మరో జాగ్రత్త ఉంది. కొన్ని సిలికాన్లలోని నూనె రాతిలోకి ఇంకి, అంచు వెంబడి నల్లని చార మిగులుస్తుంది. అందుచేత రాతికి మరక పట్టించదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి.

గొట్టం మీద ఏమి చదవాలి?

‘శానిటరీ’ అనే మాట ఉన్నదేమో చూడాలి. అటువంటి సిలికాన్‌లో బూజును నిరోధించే రసాయనం కలుపుతారు. ఈ కారణం చేతనే దానిని చేపల తొట్టెకు వాడరాదు. చేపల తొట్టెకు ఉద్దేశించినది స్నానాల గదిలో వాడితే త్వరగా నల్లబడుతుంది. ఐరోపా ప్రమాణం ఇఎన్ 15651 మూడవ భాగం స్నానాల గదుల సీలెంట్లకు ప్రత్యేకించినది.

తరువాత చూడవలసింది కదలికను భరించే శక్తి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 11600లో 25వ తరగతి అంటే, సందు తన వెడల్పులో 25 శాతం పెరిగినా తగ్గినా సీలెంట్ తట్టుకోగలదని అర్థం. 8 మిల్లీమీటర్ల సందు అయితే 2 మిల్లీమీటర్ల కదలికను భరిస్తుంది. అదే సీలెంట్‌ను 3 మిల్లీమీటర్ల సందులో నింపితే ఒక మిల్లీమీటరును కూడా భరించలేదు. సందు మరీ ఇరుకైతే ఎంత మంచి సీలెంట్ అయినా విడిపోతుందన్నమాట.

తయారీ తేదీ, గడువు తేదీ తప్పక చూడాలి. గడువు దాటిన సిలికాన్ జిగటగానే మిగిలిపోవచ్చు. సుమారు 300 మిల్లీలీటర్ల గొట్టం 8 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల లోతు గల సందుకు దాదాపు 6 మీటర్ల పొడవున సరిపోతుంది.

వేసే విధానమే ఆయుష్షు

పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. కాబట్టి పాతదానిని, తెల్ల సిమెంటును బ్లేడుతో పూర్తిగా తొలగించాలి. సబ్బు జిడ్డును, నీటి ఉప్పు పొరను శుభ్రపరచి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. సందు పూర్తిగా ఆరే వరకు, అవసరమైతే ఒకటి రెండు రోజులు, గదిని వాడకుండా ఉంచాలి. సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కనుక వర్షాకాలపు గాలి దానికి అడ్డంకి కాదు. తడిగా ఉన్న గోడ మాత్రం అడ్డంకే.

లోతైన సందులో ముందుగా ఫోమ్ తాడును కూరాలి. దానివల్ల సీలెంట్ రెండు పక్కలకే అంటుకుంటుంది, అడుగుకు అంటదు. అడుగుకు కూడా అంటితే స్వేచ్ఛగా సాగలేక చిరుగుతుంది.

తొట్టె అయితే, సీలెంట్ వేయడానికి ముందు దానిని నీటితో నింపాలి. 150 నుంచి 200 లీటర్ల నీరంటే 150 నుంచి 200 కిలోల బరువు. ఆ బరువుకు తొట్టె కుంగి, సందు విచ్చుకుంటుంది. అప్పుడు నింపిన సీలెంట్ గట్టిపడిన తరువాతే నీరు వదలాలి. తొట్టె ఖాళీగా ఉన్నప్పుడు నింపితే, మొదటి స్నానానికే సీలెంట్ సాగదీతకు గురవుతుంది.

పైపొర 10 నుంచి 20 నిమిషాలలో కడుతుంది. ఆ లోపే నునుపు చేయడం పూర్తికావాలి. లోపలి భాగం రోజుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది. అందువల్ల 6 మిల్లీమీటర్ల లోతుకు రెండు మూడు రోజుల విరామం ఇవ్వడం మేలు.

శుభ్రతలో ఒక హెచ్చరిక

బూజు సిలికాన్‌ను తిని పెరగదు. దాని మీద పేరుకున్న సబ్బు, ఒంటి జిడ్డు దానికి ఆహారం. స్నానం తరువాత అంచును తుడిచి, గదికి గాలి తగలనిస్తే సీలెంట్ ఆయుష్షు పెరుగుతుంది. బోరు నీటి ఉప్పు మరకలను పోగొట్టడానికి యాసిడ్ పోసే అలవాటు అనేక ఇళ్లలో ఉంది. సిమెంటు, నాపరాయి దానికి కరుగుతాయి. యాసిడ్‌ను, బ్లీచింగ్ ద్రావణాన్ని ఎన్నడూ కలపరాదు. ఒకదాని వెంట ఒకటి పోయరాదు. వాటి కలయికతో వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణాపాయం కలిగిస్తుంది.

సీలెంట్ పరిమితి

సీలెంట్ మొదటి అడ్డుకట్ట మాత్రమే. టైళ్ల కింద ఉండవలసిన జలనిరోధక పొరకు అది ప్రత్యామ్నాయం కాదు. అతుకులన్నీ సరిచేసిన తరువాత కూడా కింది ఇంట చెమ్మ ఆరకపోతే, నీటి తూమును మూసి, నేల మీద నీరు నిలిపి, మట్టం గుర్తించి 24 గంటలు గమనించాలి. మట్టం తగ్గి, కింద చెమ్మ పెరిగితే లోపం లోపలి పొరలో ఉన్నదని భావించవచ్చు.

కొత్త ఫ్లాట్ల యజమానులు ఒక హక్కును గుర్తుంచుకోవాలి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 14వ సెక్షన్ ప్రకారం, నిర్మాణ లోపాన్ని లేదా పనితనపు లోపాన్ని స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 సంవత్సరాలలోపు ప్రమోటరు దృష్టికి తెస్తే, 30 రోజులలో అదనపు రుసుము లేకుండా సరిచేయవలసి ఉంటుంది. ఫిర్యాదును రాతపూర్వకంగా, ఛాయాచిత్రాలతో, తేదీ వేసి ఇవ్వడం మంచిది.

పాత ఇళ్లవారు ఏడాదికి ఒకసారి, వర్షాలకు ముందు, అతుకుల వెంబడి వేలితో నొక్కి చూసుకోవాలి. అంచు లేచినా, లోపల నల్లని చార కనిపించినా, దాని మీద మరో పూత వేయకుండా పాతదానిని తీసివేసి కొత్తగా నింపించుకోవడమే సరైన మార్గం.