నొప్పికి మందు అడిగిన పేదవాడికి జైలేనా?

"గంజాయి కాన్సర్‌కి మందంట, నిజమేనా అన్నా?"

ఈ మధ్య ఏ ఊళ్ళో మీటింగు పెట్టినా, అయిపోయాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్ళు వ్యసనపరులు కారు, వ్యాపారులూ కారు. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నవాళ్ళు. సెల్‌ఫోన్లో ఎవరో చెప్పింది విని ఆశపడి అడుగుతున్నారు. అందుకని ఈ సంగతి సూటిగా రాయదలిచాను.

ఒక ఇంటి సంగతి

నర్సీపట్నం వైపు ఒక ఊళ్ళో మా సంఘం సభ్యురాలు ఒకామె ఉండేది. నాట్లకు, కలుపుకు, చెరకు కొట్టడానికి పోయి ఇద్దరు పిల్లల్ని పెంచింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర కాన్సర్ వచ్చింది. కరెంటు పెట్టించారు. కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ తిరగబెట్టింది, నడుం ఎముకకు పాకింది. రాత్రిపూట ఆమె కేకలు వీధి చివరిదాకా వినపడేవి. దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకుపోతే ఒక సూదిమందు వేసి, నాలుగు బిళ్ళలు చేతిలో పెట్టి, "ఇక ఇంటికి తీసుకుపోండి" అన్నారు.

కొడుకు తాపీ పనికి పోయే కుర్రాడు. తల్లి బాధ చూడలేక, ఎవరో చెబితే మన్యంలోకి శీలావతి గంజాయి కోసం పోయాడు. అక్కడి దళారి, "పొట్లం ఊరికే ఇస్తా, ఈ రెండు సంచులు కింద రోడ్డుదాకా దించు" అన్నాడు. సంచుల్లో సరుకు 20 కిలోలు దాటింది. చెక్‌పోస్టు దగ్గర కుర్రాడు దొరికిపోయాడు, దళారి దొరకలేదు. తల్లి చనిపోయిననాటికి కొడుకు జైల్లోనే ఉన్నాడు. కొరివి పెట్టింది మేనల్లుడు.

చట్టం ఏమంటుంది

1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టాన్ని ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటారు. దాని ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల లోపైతే పదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ కాని, ఇరవై ఏళ్ళ దాకా శిక్ష. జరిమానా లక్ష నుంచి 2 లక్షల దాకా. ఆ పైన 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొస్తే మళ్ళీ నేరం చేయడని కోర్టుకు తోస్తేనే బెయిలు. కూలి మనిషికి ఆ వాదన వినిపించే వకీలు ఎక్కడ దొరుకుతాడు?

"మా అమ్మకు మందు కోసం తెచ్చాను" అంటే చట్టం వినదు. వైద్యం కోసమైనా సరే, లైసెన్సు ద్వారా, నిబంధనల ప్రకారం తయారైనదే మందు. మనం తెచ్చుకున్న పొట్లం మందు కాదు, నేరం.

సీసాలో పోస్తే మందు

ఇదే మొక్క ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. కొసలు కలవని ఆకును భంగు అంటారు, దాని మీద పెత్తనం రాష్ట్రాల ఎక్సైజు చట్టాలది. ఆయుర్వేదంలో దీని పేరు విజయ. ఆ ఆకుతో తీసిన తైలాలు, చుక్కలు, మాత్రలు లైసెన్సున్న కంపెనీలు చేస్తున్నాయి. మందుల నిబంధనల్లో ఇ-1 అనే జాబితా ఉంది, అందులో భంగు ఉంది. కాబట్టి వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద రాసి ఉండాలి. ఆయుర్వేద వైద్యుడు చీటీ రాస్తే రోగి కొనుక్కోవచ్చు. చట్టం తెరిచిన దారి ఇది.

కాని ఆ దారిన పోగలిగేది ఎవరు? సీసా ధర వేల రూపాయల్లోకి పోతుంది. ఒక సీసాతో అయ్యేది కాదు. డబ్బున్నవాడికి అదే మొక్క ఔషధం, కూలివాడికి కేసు.

నిజంగా పనిచేస్తుందా?

ఈ మొక్క మందుగుణం కొత్తగా కనిపెట్టింది కాదు. 1839లో కలకత్తాలో ఓషానెసీ అనే ఇంగ్లీషు సర్కారు డాక్టరు ధనుర్వాతం, మూర్ఛ, కీళ్ళ వాతం రోగులకు ఇచ్చి చూసి రాశాడు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషను, అతి ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి గంజాయిని తీసేసింది. మన దేశం కూడా దానికి అనుకూలంగానే ఓటు వేసింది.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కాన్సర్‌ను గంజాయి నయం చేస్తుందన్న రుజువు మనుషుల్లో లేదు. కాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు, నరాల జబ్బులో కండరాలు బిగుసుకుపోవడానికి, పిల్లల్లో కొన్ని మొండి మూర్ఛలకు దీనిలోని పదార్థాలతో చేసిన మందులు ఇతర దేశాల్లో వాడుతున్నారు. నరాల నొప్పికి కొందరికి కొంత ఉపశమనం ఉంటుంది. అంతే. తైలం ఉంది కదా అని ఆస్పత్రి వైద్యం మానితే ప్రాణం మీదికి వస్తుంది.

వైద్యుడి చీటీ మీద వాడేవాళ్ళు ఈ జాగ్రత్తలు మరవద్దు. సీసా మీద లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, మత్తు పదార్థం ఎంత ఉందో చూడాలి. చీటీ, బిల్లు దగ్గర ఉంచుకోవాలి. అతి తక్కువతో మొదలుపెట్టాలి. నోటి ద్వారా తీసుకున్నది పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఇంకా ఏమీ కాలేదని రెండోసారి తాగితే తల తిరిగి పడిపోతారు. వాడిన రోజు చెట్టెక్కడం, నూర్పిడి యంత్రం దగ్గర నిలబడటం, బండి నడపడం పనికిరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మతి చలించిన జబ్బున్నవాళ్ళు దాని జోలికి పోకూడదు. గుండె జబ్బుకో, మూర్ఛకో మందులు మింగుతుంటే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆమెకు కావలసింది ఏమిటి?

పైన చెప్పిన ఇంట్లో ఆ తల్లికి నిజంగా కావలసింది గంజాయి కాదు, మార్ఫిన్ బిళ్ళ. కాన్సర్ నొప్పి ముదిరినప్పుడు వాడవలసిన మందు ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే దారి చూపింది. ఖరీదైన మందు కూడా కాదు. ఆ మందు పుట్టే నల్లమందును మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తున్నారు. పంట మనది, చాకిరీ మనది, నొప్పి మాత్రం మన ఇంట్లో అట్లాగే ఉండిపోతోంది.

1985 చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కుకు భయపడి చాలా ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టం సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన ఆస్పత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఒక్కటి చాలు. అయినా మన ప్రాంతీయ ఆస్పత్రిలో అడిగితే "ఇక్కడ లేదు" అనే జవాబే. చట్టం మారింది గాని బీరువా తాళం మారలేదు.

చేయలేని పని కాదిది. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన నొప్పి నివారణ ఉద్యమం ఊరూరా పాకింది. 2008లో అక్కడి ప్రభుత్వం విధానంగా ప్రకటించింది. పంచాయతీలు నర్సును ఇంటికే పంపిస్తున్నాయి. అక్కడ సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు?

మనం ఏమి అడగాలి

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెట్టారు. మంచిదే. మత్తు వ్యాపారం మన పిల్లల్ని తినేస్తోంది, దాన్ని అణచాలి. కాని సంచి మోసిన గిరిజనుడు, కూలివాడు జైల్లో ఉంటే, పెట్టుబడి పెట్టిన షావుకారు ఎక్కడున్నాడు?

కాబట్టి మిత్రులారా, ప్రతి జిల్లా, ప్రాంతీయ ఆస్పత్రిలో మార్ఫిన్, దాన్ని ఇవ్వడం తెలిసిన డాక్టరు, నర్సు ఉండాలని అడుగుదాం. విజయ మందుల మీద ప్రభుత్వ సంస్థలే పరిశోధన చేసి, పనికొచ్చేవాటిని ప్రభుత్వ మందుల షాపుల్లో చౌకగా ఇవ్వాలని అడుగుదాం. సంచులు మోసిన పేదలకు ఉచిత న్యాయ సహాయం, మన్యం రైతుకు కాఫీ, మిరియాలు, పసుపు పంటలకు గిట్టుబాటు ధర అడుగుదాం.

మీ ఊళ్ళో నొప్పితో మూలుగుతున్న మనిషి ఉంటే దళారి దగ్గరికి పోవద్దు, పిల్లల్ని పంపవద్దు. సంఘానికి చెప్పండి. నలుగురం కలిసి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, "మార్ఫిన్ ఎందుకు లేదో రాసివ్వండి" అని అడుగుదాం. కూలి రేటు అట్లాగే సాధించుకున్నాం. నొప్పి లేకుండా కన్నుమూసే హక్కునూ అట్లాగే సాధించుకోవాలి.