సర్కారు, సాహుకారు, వ్యోమనౌక

మానవుని అంతరిక్షమునకు పంపు భారము ప్రభుత్వముదా, ప్రైవేటు పరిశ్రమదా యను వాదము నేడు తరగతి గదులలోను వినవచ్చుచున్నది. మొన్నటివరకు సమస్తమును ప్రభుత్వమే నిర్మించినదనియు, నిన్ననే వర్తకులు ప్రవేశించిరనియు పలువురు తలంచుచున్నారు. ఇది సరికాదు. 1969లో చంద్రునిపై దిగిన నౌకను నిర్మించినది గ్రమ్మన్ అను కంపెనీ. సాటర్న్ రాకెట్టు మూడు దశలను బోయింగ్, నార్త్ అమెరికన్, డగ్లస్ కంపెనీలు పంచుకొని కట్టినవి. అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా కొలతలు చెప్పినది, ప్రక్కన నిలిచి పరీక్షించినది. ఖర్చెంతయిన నంతయు చెల్లించి, పైన లాభము ముట్టజెప్పుట నాటి పద్ధతి. ఇల్లు కట్టించువాడు ఇటుకలు తానే కొనిపెట్టి, మేస్త్రికి దినకూలి యిచ్చినట్లన్నమాట.

షటిల్ నౌకలు 2011లో విరమించిన పిమ్మట అమెరికా తన వ్యోమగాములను రష్యావారి సోయుజ్ నౌకలలో కిరాయి చెల్లించి పంపవలసివచ్చినది. ఆ చిక్కు తీరుటకై 2014లో నాసా పనిని గుత్తకిచ్చినది: బోయింగునకు 420 కోట్ల డాలర్లు, స్పేస్ ఎక్స్‌కు 260 కోట్లు. నౌక కంపెనీదే, ప్రభుత్వము కొనునది ప్రయాణము మాత్రమే. తక్కువ పుచ్చుకొన్న స్పేస్ ఎక్స్ 2020 మే నెలలోనే మనుష్యులను స్టేషనుకు చేర్చినది. మించిన ఖర్చు గుత్తదారుని నెత్తినే పడును గనుక బోయింగు నూరు కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినది.

లెక్కలవరకు గుత్తయే మేలని తోచును. కాని "వలదు" అను అధికారమెవరిది?

1986 జనవరి 27 రాత్రి, చాలెంజర్ ప్రయోగమునకు ముందు, బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థియోకాల్ కంపెనీ ఇంజనీర్లు చలికి రబ్బరు వలయములు బిరుసెక్కి అతుకులను మూయజాలవనియు, ప్రయోగము వలదనియు మొరపెట్టిరి. నాసా అధికారులు విసుగు చూపిరి. కంపెనీ యాజమాన్యము తన ఇంజనీర్ల మాట త్రోసివైచి సరేయన్నది. మరునాడు 73వ సెకనున నౌక ఛిన్నాభిన్నమైనది. మరణించిన ఏడుగురిలో క్రిస్టా మెకాలిఫ్ అను బడిపంతులమ్మ యొకతె. వలదన్నవారు కంపెనీ ఉద్యోగులు, తొందరపెట్టినవారు ప్రభుత్వోద్యోగులు. సర్కారు పేరు వినినంతనే నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

2024లో కథ తలక్రిందైనది. జూన్‌లో సునీతా విలియమ్స్, విల్మోర్‌లను స్టేషనుకు చేర్చిన బోయింగు స్టార్‌లైనర్‌లో హీలియము కారినది, కొన్ని థ్రస్టర్లు మొరాయించినవి. తిరుగు ప్రయాణమునకు నౌక తగినదేయని కంపెనీ నమ్మకము. ఆగస్టు 24న నాసా వలదన్నది. నౌక సెప్టెంబరులో వట్టిదిగా, క్షేమముగనే దిగినది. అందుచేత ఆ నిర్ణయము పిరికితనమని వాదింపవచ్చును. నాకు సమ్మతము కాదు. దిగిన తరువాత తెలిసినది దిగకముందు తెలియదు గదా! ఎనిమిది దినముల పనికి వెళ్లిన ఇరువురును 286 దినములకు, 2025 మార్చిలో, స్పేస్ ఎక్స్ నౌకలో ఇల్లు చేరిరి.

వారికి నాసా కావలియున్నది. ప్రైవేటు విహారయాత్రకు పోవువానికో? 2021 జూలైలో మన గుంటూరు సీమ ఆడుపడుచు బండ్ల శిరీష తాను పనిచేయు వర్జిన్ గెలాక్టిక్ సంస్థ నౌకలోను, 2024 మేలో విజయవాడవాడగు తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ నౌకలోను ఎగసినప్పుడు మనమందరము సంతోషించితిమి. అట్టి యానములలో నేలమీది జనుల రక్షణను అమెరికా ప్రభుత్వము విచారించును. లోపలివారి భద్రతకు నిబంధనలు విధించుటను మాత్రము 2004 నాటి చట్టము చాలవరకు ఆపియుంచినది. అపాయము తెలిసియే ఎక్కుచున్నానని ప్రయాణికుడు వ్రాసియిచ్చును. పసి పరిశ్రమ మొగ్గలోనే వాడిపోరాదని ఎనిమిదేండ్లకని యిచ్చిన వెసులుబాటు ఇది. పసితనము తీరలేదు కాబోలు, గడువు పలుమార్లు పెరిగి 2028 జనవరికి చేరినది.