ఫీజు కట్టేశాం... మరి ఆలనా పాలనా?



పిల్లల మీద హింస అనగానే మనకు దెబ్బలు, వాతలు గుర్తొస్తాయి. అవి ఒంటి మీద కనిపిస్తాయి. చూసినవాళ్లు ఎవరో ఒకరు "ఏమైంది నాన్నా?" అని అడుగుతారు. పట్టించుకోకపోవడం మాత్రం కంటికి కనిపించదు. పెట్టని అన్నం, డాక్టరుకు చూపించని పన్ను నొప్పి, వినని మాట... ఇవన్నీ జరగని పనులు. జరగని పనికి మచ్చ పడదు. అందుకే చాలామంది దీన్ని సమస్యగానే గుర్తించరు.

కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ శారీరక, లైంగిక, మానసిక హింసలతో పాటు నిర్లక్ష్యాన్ని కూడా పిల్లలకు జరిగే హానిగానే లెక్కిస్తుంది. మన జువెనైల్ జస్టిస్ చట్టం (2015) 75వ సెక్షన్ ప్రకారం, బిడ్డ బాధ్యత చూడాల్సినవారు అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా కావాలని నిర్లక్ష్యం చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు.

ఇది పేద ఇళ్ల సమస్యేనా?

డబ్బు లేక బిడ్డకు కావలసింది కొనలేకపోవడం పేదరికం. చేతిలో ఉండీ అవసరాన్ని గమనించకపోవడం నిర్లక్ష్యం. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల, ఫీజు కట్టగలిగే ఇళ్ల వైపు ఎవరి దృష్టీ పోదు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం విడుదల చేసింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఇంట్లో తమను నిర్లక్ష్యం చేస్తున్నారని 70 శాతానికి పైగా ఆడపిల్లలు చెప్పారు. అన్నదమ్ములతో పోలిస్తే తమను తక్కువగా పట్టించుకోవడం, తిండిలో తక్కువ వాటా, చిన్నపిల్లల్ని చూసుకునే పని తమ మీద పడటం... వాళ్లు చెప్పినవి ఇలాంటివే.

క్లాసులో ఎలా తెలుస్తుంది?

• బోర్డు కనిపించక కళ్లు చికిలించి చూడటం, పక్కవాళ్ల నోట్సు చూసి రాసుకోవడం. నెలలు గడిచినా కళ్ల పరీక్ష జరగదు.
• పిప్పిపన్నుతో ఒకవైపే నమలడం. "పరీక్షలయ్యాక చూపిద్దాం" అనే మాట మళ్లీ మళ్లీ వాయిదా పడటం.
• జ్వరం ఉన్నా సిరప్ తాగించి బస్సు ఎక్కించడం. మందు ప్రభావం తగ్గగానే పిల్ల బెంచీ మీద తల వాల్చేస్తుంది.
• అర్ధరాత్రి దాకా ఫోన్ చేతిలో ఉండి, మొదటి పీరియడ్‌లోనే నిద్ర ముంచుకురావడం.
• "ఇంట్లో ఎవరికి చెప్పావు?" అంటే "ఎవరికీ చెప్పలేదు మిస్" అనడం.

ఒకరోజు టిఫిన్ బాక్సు మరచిపోతే అది నిర్లక్ష్యం కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలు చేయడం అంతకన్నా కాదు. అదే అవసరం మళ్లీ మళ్లీ కనిపిస్తున్నా ఎవరూ పట్టించుకోకపోతేనే ఆలోచించాలి.

మాట్లాడకపోతే ఏమవుతుంది?

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశారు. తల్లి ముందు పసిబిడ్డతో ఆడుతుంది. తర్వాత కొద్దిసేపు ఎదురుగానే కూర్చుని, ముఖంలో ఏ భావమూ లేకుండా చూస్తుంది. బిడ్డ నవ్వి, చేతులు చాచి, తల్లిని మళ్లీ తనవైపు తిప్పుకోవాలని చూస్తుంది. ఫలితం లేకపోతే ముఖం పక్కకు తిప్పేసుకుంటుంది. ఆ ప్రయోగం కొన్ని నిమిషాలే. ఆ తర్వాత తల్లి మళ్లీ పలకరిస్తుంది. రోజూ ఫోన్ చూస్తూ "ఊఁ" కొట్టే ఇంట్లో ఆ పలకరింపు ఎప్పుడొస్తుందో బిడ్డకు తెలియదు. కొన్నాళ్లకు చెప్పడమే మానేస్తారు. "మావాడు చాలా బుద్ధిమంతుడు, ఏదీ అడగడు" అని మనం మురిసిపోతాం. అడగడం ఎందుకు మానేశాడో కూడా ఒకసారి ఆలోచించండి.

ఈ నెల నుంచే

• రోజుకు పదిహేను నిమిషాలు మార్కులు, హోంవర్క్ ఊసెత్తకుండా మాట్లాడండి. ఫోన్ మరో గదిలో పెట్టండి.
• ఏడాదికోసారి కళ్లు, పళ్లు పరీక్ష చేయించండి.
• మీ బిడ్డ ఇద్దరు స్నేహితుల పేర్లు, భయపడే ఒక విషయం మీకు తెలుసా? తెలియకపోతే ఈ రాత్రే అడగండి.
• బిడ్డను ఆయాకో, తాతయ్య నానమ్మలకో అప్పగిస్తే, "తిన్నాడా?"తో ఆపకుండా "ఎలా ఉన్నాడు?" అని కూడా అడగండి.

పక్క ఫ్లాట్‌లోనో, మీ వీధిలోనో ఆలనా పాలనా లేని బిడ్డ కనిపిస్తే "మనకెందుకులే" అనుకోకండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఇది 24 గంటలూ పనిచేస్తుంది, కాల్ ఉచితం.

మన పెద్దలు "ఆలనా పాలనా" అని రెండు మాటలూ కలిపే అన్నారు. ఆలించడం అంటే వినడం. పాలనలో మేమూ పాలుపంచుకుంటాం. ఇంటికి రాగానే బిడ్డ చెప్పే మాటలు వినాల్సింది మాత్రం మీరే. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు "ర్యాంకు ఎంత?" అని అడిగే ముందు "మా పాప క్లాసులో సంతోషంగా ఉంటోందా?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మేం సిద్ధంగా ఉంటాం.