పాత్రకు తగిన వస్త్రం

భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వస్త్రాలు, ఆభరణాలు ఆహార్యంలోనివి. నటుడు నోరు విప్పకముందే పాత్ర కాలాన్నీ, వృత్తినీ, స్థితినీ ప్రేక్షకునికి తెలిపేది ఆహార్యమే.

పాత్రను ఆధారంగా చేసుకొని దుస్తులు రూపొందించే విద్యార్థికి 'మల్లీశ్వరి' (1951) చక్కని పాఠం. దాని దర్శకుడు బి.ఎన్. రెడ్డి 1908లో కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో జన్మించారు. చిత్రానికి కళాదర్శకుడు ఎ.కె. శేఖర్. కథ శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిది. పల్లెలో బావ నాగరాజుతో ఆడిపాడిన మల్లీశ్వరిని పల్లకి రాణివాసానికి చేరుస్తుంది. అక్కడ నగలున్నాయి, స్వేచ్ఛ లేదు.

కాబట్టి విద్యార్థి "ఏది అందంగా ఉంటుంది?" అని కాక, "ఈ పాత్ర ఏమి పోగొట్టుకొన్నది?" అని ప్రశ్నించుకోవాలి. అంతఃపురపు పట్టు వైభవంతోపాటు బంధనాన్నీ స్ఫురింపజేయాలి. ఈ చిత్రం నలుపు తెలుపులలో తీసినది; రంగుల సాయం లేదు. నేత, అంచు, కట్టు, నగల బరువు ఇవే భావాన్ని పలకాలి. ఆ కాలపు వేషధారణకు లేపాక్షి ఆలయ కుడ్యచిత్రాలలోని చీరల అంచులు, పొడవైన కుళ్ళాయిలు నేటికీ ఆధారాలు.

ఆడంబరమే ఆహార్యం కాదు. 'గాంధీ' (1982) చిత్రానికి జాన్ మొల్లోతో కలిసి దుస్తులు రూపొందించిన భాను అథైయా 1983లో ఆస్కార్ పొందిన తొలి భారతీయ వ్యక్తి అయ్యారు. అందులో నాయకుని నిరాడంబరమైన ఖద్దరే ఆయన జీవితాన్ని చెబుతుంది. పాత్ర మనసు తెలిసినప్పుడే వస్త్రానికి అర్థం కలుగుతుంది.