నెలవంకలా కనిపించి మరుగయ్యే నక్షత్రం

రంజాన్ 29వ నాటి సాయంత్రం మెదక్‌లో మేమంతా మిద్దెలెక్కి పడమటి దిక్కు చూస్తాం. నెలవంక ఉండేది కొద్ది నిమిషాలే. ఆ వేళ చూడనివారికి అది దక్కదు. ఆకాశంలో అంతకన్నా అరుదుగా బయటపడేవీ ఉన్నాయి.

ధనూరాశి దిక్కున సుమారు 11 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఒక పల్సర్ ఉంది. దాని అడ్డకొలత సుమారు 20 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మెదక్ నుంచి రామాయంపేట దూరం. బరువు మాత్రం సూర్యుని కన్నా ఎక్కువ. సెకనుకు 401 సార్లు తిరుగుతుంది. రెండు గంటలకొకసారి తనను చుట్టివచ్చే జంట నక్షత్రం నుంచి వాయువును లాక్కుంటుంది. ఆ వాయువు మీద పడినప్పుడు కొన్ని వారాలు ఎక్స్‌రేలు వెదజల్లి, మళ్లీ కొన్నేళ్లు అణగి ఉంటుంది.

జంట నుంచి వాయువు అందుకునే ముసలి పల్సర్ వేగం పుంజుకుంటుందని శాస్త్రజ్ఞులు 1982లోనే ఊహించారు. 1998లో అమెరికా ఉపగ్రహం ఈ పల్సర్ నాడిని పట్టుకున్నాక గట్టి రుజువు దొరికింది.

ఎక్స్‌రేలను గాలి అడ్డుకుంటుంది. అందుకే టాటా పరిశోధన సంస్థవారు హైదరాబాద్ నుంచి బెలూన్లలో పరికరాలను పైకి పంపేవారు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఎగిరింది. 2019 ఆగస్టులో ఆ పల్సర్ మేల్కొన్నప్పుడు మన ఉపగ్రహమూ దాని నాడిని నమోదు చేసింది.

లెక్కలు బాగా వచ్చిన అమ్మాయిని పదవ తరగతితో చదువు మాన్పించబోయిన తండ్రితో మేము ఒకటే అన్నాం: భాయ్, చదువుకూ వేళ ఉంది. అది జారిపోతే, ఎదురుచూసినా తిరిగి రాకపోవచ్చు.