దెబ్బ తినేవాడిదే లెక్క

పేకాటలో గొడవలు ముక్కల గురించి తక్కువ, డబ్బుల గురించి ఎక్కువ. ముక్కల సంగతంటారా, అందరికీ తెలిసిన నాలుగు రూల్సు, అంతే. కానీ ఒక్కో ముక్క మీదా దాని సొంత రూలు అచ్చేసి ఉంటే? పైగా ‘ఆట రూలుకీ ముక్క మీది రూలుకీ తేడా వస్తే ముక్కదే చెల్లుతుంది’ అని ఆ ఆట పుస్తకమే చెబితే? అలాంటి ఆట ఒకటుంది. పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల మాస్టారు తయారుచేశాడు. 1993లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటికి 25,000కు పైగా రకాల ముక్కలున్నాయి.

ఆ ఆటతో నాకేం పని అంటారా? డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా అబ్బాయి ఇంటికి ఆరు నెలలుందామని వచ్చాను. ప్రతి శనివారం రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద నడిచేది అదే. మావాడు, ఒక కరీంనగర్ కుర్రాడు, ఒక కాకినాడ కుర్రాడు, ఒక విజయవాడ అమ్మాయి. నలుగురూ సాఫ్ట్‌వేరే. నలుగురూ ముప్పై దాటినవాళ్లే. వాళ్లాడేది కమాండర్ అనే పద్ధతి. తలా 100 ముక్కల కట్ట, తలా 40 లైఫ్‌లు. సున్నాకి వచ్చినవాడు అవుట్. నేనేమో కోర్టులో సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ని. జీవితమంతా దస్తావేజులు చదివినవాడి ముందు 250 పేజీలు దాటిన రూల్ బుక్ పెడితే ఊరుకుంటాడా! నెల తిరిగేసరికి వాళ్లు నన్నే అంపైర్ని చేశారు.

తగాదాలన్నీ ‘బదులు’ అనే ఒక్క మాట దగ్గర పుడతాయని నాకు తొందరగానే అర్థమైంది. కొన్ని ముక్కల మీద ‘ఫలానాది జరగాల్సి వస్తే, దాని బదులు ఇది జరుగుతుంది’ అని ఉంటుంది. వీటిని రీప్లేస్‌మెంట్ ఎఫెక్టులంటారు. మిగతా ముక్కలు వేస్తే ఎదుటివాడు ‘ఆగాగు, నా దగ్గరొకటుంది’ అని అడ్డుపడొచ్చు. వీటికి ఆ అవకాశం లేదు. సంఘటన జరగబోయే క్షణంలోనే దాని రూపం మారిపోతుంది. కాబట్టి అప్పటికే టేబుల్ మీద ఉన్నవాటికే ఆ బలం. బదులు ముక్క ఒక్కటే ఉంటే పేచీ లేదు. ఒకే దెబ్బకి రెండు ‘బదులు’లు ఎదురైతేనే తంటా. ముందు ఏది, వెనక ఏది?

మా టేబుల్ మీద జరిగిందే చెబుతాను. కాకినాడ కుర్రాడి ముందు ఫర్నేస్ ఆఫ్ రాత్ ఉంది. ఎవరు ఎవర్ని కొట్టినా దెబ్బని రెట్టింపు చేసే ముక్క అది. మావాడి ముందు టోర్‌బ్రాన్ ఉన్నాడు. వాడి యజమాని ఎర్ర ముక్కతో శత్రువుని కొడితే, ఆ దెబ్బకి 2 కలుపుతాడు. కరీంనగర్ కుర్రాడికి 9 లైఫ్‌లు మిగిలాయి. మావాడు లైట్నింగ్ బోల్ట్ వేశాడు. ఎర్ర ముక్క, 3 దెబ్బ.

“మూడూ రెండూ ఐదు, రెట్టింపు చేస్తే పది. అయిపోయావ్ రా!” అన్నాడు మావాడు.

“ఆగురా. ముందు రెట్టింపు చెయ్. మూడు రెళ్లు ఆరు, రెండు కలిపితే ఎనిమిది. నాకింక ఒకటుంది,” అన్నాడు కరీంనగర్ కుర్రాడు.

“ముక్క నాది, టోర్‌బ్రాన్ నావాడు, లెక్క నీదా?”

“దెబ్బ తాకేది నాకు గద!”

గొంతులు లేచాయి. విజయవాడ అమ్మాయి లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. నవ్వులాటగా తీసుకోకండి. నేను రాకముందు ఇలాంటి పేచీకే కాకినాడ కుర్రాడు రెండు వారాలు ఈ గడప తొక్కలేదట. వీళ్లకి ఈ ఊళ్లో మేనమామలూ లేరు, పెదనాన్నలూ లేరు. ఉన్న చుట్టరికమల్లా ఈ శనివారం రాత్రే. అది తెగితే నా కొడుకు వారాంతాలు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. అందుకే రూల్ బుక్ తెరిచాను.

616వ నిబంధనలో ఉంది తీర్పు. ఒక సంఘటనని మార్చడానికి రెండుమూడు ఎఫెక్టులు పోటీపడితే, ఏది ముందు వర్తించాలో ఆ సంఘటన ఎవరికి తగులుతోందో ఆ ఆటగాడే చెప్పాలి. కొట్టినవాడు కాదు. ముక్కల యజమానులూ కాదు. ఒకటి వర్తింపజేశాక మళ్లీ చూసుకోవాలి. ఇంకా వర్తించేవి మిగిలితే మళ్లీ ఎంచుకోవాలి. ఒక ఎఫెక్టుకి ఒక సంఘటన మీద ఒక్కసారే అవకాశం. రెట్టింపు చేసేవి రెండుంటే నాలుగింతలవుతుంది తప్ప అంతులేకుండా పెరిగిపోదు. ఈ వరసకి మినహాయింపులు లేకపోలేదు, అవి మా టేబుల్ మీద ఎప్పుడో గాని రావు. కరీంనగర్ కుర్రాడి లెక్కే ఖాయమైంది, 8. మావాడు మొహం మాడ్చుకున్నాడు గానీ అచ్చులో చూపించాక ఏమంటాడు?

ఇదేదో దెబ్బ తినేవాడి మీద జాలితో పెట్టిన రూలని మొదట అనిపిస్తుంది. కోర్టులో సందేహ లాభం ముద్దాయికిచ్చినట్టు. నాకలా అనిపించలేదు. ఎందుకంటే మంచి జరిగేటప్పుడూ ఇదే రూలు. జీవుల బలం పెంచడానికి వాటి మీద కౌంటర్లు పెడతారు, మన అష్టాచెమ్మా పిక్కల్లాగ. హార్డెన్డ్ స్కేల్స్ అనే ముక్క ఉంటే పెట్టేవాటికి ఒకటి కలుస్తుంది. డబ్లింగ్ సీజన్ ఉంటే రెట్టింపవుతాయి. రెండూ ఉన్నవాడు తన జీవి మీద ఒక పిక్క పెట్టబోతే? రెట్టింపు చేసి ఒకటి కలిపితే మూడు. ఒకటి కలిపి రెట్టింపు చేస్తే నాలుగు. జీవి తనది, ఎంపిక తనది. నాలుగే పెట్టుకుంటాడు. అంటే ఇందులో దయాధర్మం ఏమీ లేదు. ఎవరికి జరుగుతోందో వాడిదే మాట, అంతే. ఇంత మొహమాటం లేని నిబంధన మా ఆఫీసు మాన్యువల్స్‌లో కూడా నేను చూడలేదు.

దొంగిలించిన జీవుల సంగతీ అంతే. ఈ ఆటలో ఎదుటివాడి జీవిని లాక్కునే ముక్కలున్నాయి. అలా లాక్కున్న జీవి చావబోతే ఎంపిక ఎవరిది? అసలు యజమానిది కాదు, ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందో వాడిది. పట్టా ఎవరి పేరునుందని కాదు, స్వాధీనంలో ఎవరున్నారని చూస్తారు. ఇది వివరిస్తుంటే విజయవాడ అమ్మాయి “మా తాతగారి పొలం కేసు గుర్తొస్తోంది అంకుల్,” అంది.

ఇద్దరు ఆడుకుంటే ఈ రూలు ఉత్త లెక్కల సంగతి. నలుగురు కూర్చుంటే రాజకీయమవుతుంది. కాలిటాస్ అనే రక్తపిశాచి ముక్క చూడండి. శత్రువు జీవి చావాల్సి వస్తే, చావుకి బదులు దాన్ని ఆటలోంచి వెలివేసి, కాలిటాస్ యజమానికి ఒక జాంబీనిస్తుంది. మావాడి దగ్గరొకటి, కాకినాడ కుర్రాడి దగ్గరొకటి ఉన్నాయనుకోండి. చావబోయేది విజయవాడ అమ్మాయి జీవి. ఒక కాలిటాస్ దాన్ని వెలివేసిందంటే అది ‘చచ్చినట్టు’ కాదు, కాబట్టి రెండో కాలిటాస్‌కి ఏమీ దక్కదు. ఆ జాంబీ ఎవరింటికి వెళ్లాలో చెప్పేది జీవిని పోగొట్టుకుంటున్న ఆ అమ్మాయే! సరిగ్గా ఇలాగే జరిగినప్పుడు చూడాలి తమాషా. “నాకిచ్చెయ్, వచ్చే టర్న్‌లో నీ జోలికి రాను,” అని ఒకడు. “వాణ్ని నమ్మకు, పోయిన వారం ఏం చేశాడో మర్చిపోయావా?” అని ఇంకొకడు. మాట తప్పితే రూల్ బుక్ ఏమీ చేయదు. ఆ అమ్మాయి మావాడికి జాంబీ ఇచ్చింది. వాడు మాట నిలబెట్టుకున్నాడు, ఒక్క టర్న్ వరకు.

ఒకే దెబ్బ నలుగురి జీవుల్నీ చంపబోతే, ఎవరి జీవుల సంగతి వాళ్లే చెప్పాలి. టర్న్ నడుస్తున్నవాడు ముందు, తర్వాత వరసగా మిగతావాళ్లు. చివర్లో చెప్పేవాడికి ముందువాళ్ల ఎంపికలన్నీ తెలిసిపోతాయి. అది చిన్న లాభం కాదు.

వీటన్నిటికన్నా నాకు ముచ్చటేసింది నోషన్ థీఫ్. శత్రువు తన వంతు రాగానే తీసే మొదటి ముక్క కాకుండా అదనంగా ఏ ముక్క తీయబోయినా, వాడి బదులు ఈ దొంగ యజమాని తీసుకుంటాడు. మావాడి దగ్గరొక దొంగ, కరీంనగర్ కుర్రాడి దగ్గరొక దొంగ. విజయవాడ అమ్మాయి అదనంగా ఒక ముక్క తీయబోయింది. ఆమెకెలాగూ దక్కదు. దొంగని ఎంచుకునే హక్కు మాత్రం ఆమెదే. “అన్నయ్య దొంగే,” అంది. మావాడు కట్ట మీద చెయ్యేశాడు. నేను ఆపాను.

ఎందుకంటే ఇప్పుడు ముక్క తీయబోయేది మావాడు. మావాడు కరీంనగర్ కుర్రాడికి శత్రువు. కాబట్టి రెండో దొంగ మేల్కొంటాడు. మావాడి బదులు కరీంనగర్ కుర్రాడు తీయాలి. అప్పుడు మావాడి దొంగ మళ్లీ లాక్కోవచ్చా? కుదరదు, వాడి ఒక్క అవకాశమూ వాడేశాడు. ముక్క కరీంనగర్ చేరింది. అంటే ముక్క ఎవరికి చేరాలనుకుంటే అవతలివాడి పేరు చెప్పాలన్నమాట! విజయవాడ అమ్మాయి నవ్వి “నాకు కావాల్సిందీ అదే అంకుల్,” అంది. మావాడు ఆమె వంక చూసిన చూపు చెప్పలేను.

ఆ రాత్రి ఆట అయిపోయినా ఎవరూ లేవలేదు. మూడు దొంగలుంటే ఏమవుతుందో కాగితం మీద వేసి చూశాం. ముక్క పోగొట్టుకునేవాడు మొదటి దొంగని ఎంచుతాడు. ఆ దొంగ యజమాని ముక్క తీయబోతాడు కాబట్టి, ఇప్పుడు తగిలేది అతనికి. అంటే ఎంపిక చేతులు మారి అతనికొచ్చింది. మిగిలిన ఇద్దరిలో అతను ఎవరి పేరు చెబితే వాడికి కాకుండా రెండోవాడికి ముక్క చేరుతుంది. మొదట ఎంచుకున్నవాడు తేల్చగలిగింది ఒక్కటే, ముక్క ఎవరికి రాకూడదన్నది.

కాకినాడ కుర్రాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఆయ్, వచ్చే శనివారం నా కట్టలో కూడా ఓ దొంగుంటాడండి,” అన్నాడు.