ఎండాకు తెగులు బ్యాక్టీరియా జీన్లను కట్ చేస్తే ఏమవుతుంది? హైదరాబాద్ ల్యాబ్ ఏం తేల్చింది?

ఏటూరునాగారం: వానాకాలం వరి పొట్టకొచ్చే టైమ్‌లో గోదావరి తీరం రైతులు మడిలోకి దిగితే ముందు చూసేది ఆకు కొసలనే. కొస దగ్గర మొదలై, అంచుల వెంట అలలు అలలుగా పసుపెక్కి ఎండుకుంటూ కిందికి దిగితే అది ఎండాకు తెగులు. ముసురు, ఈదురుగాలి తోడైతే మడి నుంచి మడికి పాకుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఆకు పసుపెక్కింది కదా అని యూరియా చల్లేస్తారు. నత్రజని ఎక్కువైతే ఈ తెగులు ఇంకా రెచ్చిపోతుంది. డౌట్ ఉంటే చిన్న టెస్ట్ ఉంది. ఆకును కత్తిరించి, కోసిన వైపు గాజు గ్లాసు నీళ్లలో ముంచి కాసేపు ఉంచాలి. పాలలాంటి ద్రవం కిందికి జారితే అందులో ఉన్నది బ్యాక్టీరియానే. ఎరువు లోపంతో పసుపెక్కిన ఆకు నుంచి అలా రాదు.

ఆ బ్యాక్టీరియా పేరు శాంథోమొనాస్ ఒరైజే. ఇంతకీ కంటికి కనిపించని ఈ క్రిమి వరిని ఎలా ఎండబెడుతోంది?

హైదరాబాద్ సీసీఎంబీలో రమేశ్ సొంటి టీమ్ ఏళ్ల తరబడి ఇదే వెతికింది. వాళ్లు చేసింది వింటే సింపుల్‌గానే ఉంటుంది. బ్యాక్టీరియాలో ఒక్కో జీన్‌ను పనిచేయకుండా చేయడం, దాన్ని వరి ఆకులోకి ఎక్కించడం, తెగులు వస్తుందో లేదో చూడటం. వరి కణం గోడను కరిగించే ఎంజైమ్‌లను ఇది బయటికి వదులుతుంది. వాటిని వదిలే దారినే మూసేస్తే తెగులు బాగా తగ్గిపోయింది. ఇంకో విషయం కూడా బయటపడింది. ఆ ఎంజైమ్‌ల దెబ్బను వరి పసిగట్టి ఎదురుతిరుగుతుంది. ఆ ఎదురుదాడిని అణచడానికి బ్యాక్టీరియా దగ్గర వేరే ప్రొటీన్లు ఉన్నాయి. అంటే మడిలో జరిగేది మామూలు యుద్ధం కాదు.

ఆ పని పాత పద్ధతుల్లో, చాలా ఓపికగా జరిగింది. ఇప్పుడు క్రిస్పర్ వచ్చింది. నిజానికి క్రిస్పర్ కూడా బ్యాక్టీరియా సొంత ఆయుధమే, తన మీదికొచ్చే వైరస్‌లను ముక్కలు చేయడానికి. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియర్ దాన్ని జీన్లు కత్తిరించే కత్తెరగా మార్చి చూపించారు. 2020లో కెమిస్ట్రీ నోబెల్ వాళ్లకే వచ్చింది.

అయితే ఒక తేడా ఉంది. మనిషి కణంలో డీఎన్‌ఏ తెగితే కణం ఎలాగోలా అతికించుకుంటుంది. చాలా బ్యాక్టీరియాలకు అలా అతికించుకోవడం రాదు, తెగితే చచ్చిపోతాయి. సైంటిస్టులు దీన్నే ప్లస్‌గా మార్చుకున్నారు. కావాల్సిన మార్పు ఉన్న డీఎన్‌ఏ ముక్కను ముందే లోపలికి పంపిస్తారు. దాన్ని తీసుకుని మారినవాటిని కత్తెర గుర్తుపట్టదు, అవి బతుకుతాయి. మారనివి పోతాయి. 2013లోనే ఈ కోలి బ్యాక్టీరియాలో ఇది చేసి చూపించారు. అసలు కట్ చేయకుండా ఒక్క అక్షరమే మార్చే బేస్ ఎడిటర్లు ఆ తర్వాత వచ్చాయి.

ఇంకో విచిత్రం చూడండి. క్రిస్పర్ కంటే ముందు టాలెన్ అనే జీన్ కత్తెర ఉండేది. అది పుట్టింది ఈ శాంథోమొనాస్ జాతి బ్యాక్టీరియా ప్రొటీన్ల నుంచే! ఆ ప్రొటీన్లు వరి డీఎన్‌ఏ మీద కూర్చుని చక్కెర బయటికి పంపే స్వీట్ జీన్లను ఆన్ చేస్తాయి. ఆ చక్కెర తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. అవి కూర్చునే చోటును వరిలో ఎడిట్ చేస్తే తెగులు ఆగుతుందని 2019లో అంతర్జాతీయ టీమ్ తేల్చింది.

మరి మన రైతుకు ఇప్పుడు దొరికేదేంటి? 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, ఎంత రుచో ఈ తెగులుకు అంత తేలిగ్గా లొంగుతుంది. సీసీఎంబీ, హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ కలిసి మూడు తట్టుకునే జీన్లను మామూలు సంకరం ద్వారానే చేర్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఇచ్చాయి. ఇది జీన్ ఎడిటింగ్ కాదు. 2025 మేలో ప్రకటించిన 'కమల' జీన్ ఎడిటింగ్ వరి కూడా సాంబ మసూరి నుంచే వచ్చింది కానీ, అది దిగుబడి కోసం. రెండింటినీ కలిపేయొద్దు.

తెగులు కనిపించిన మడిలో మాత్రం యూరియా ఆపాలి. ఆ మడి నీళ్లు పక్క మడిలోకి వదలకూడదు.